దలాల్ వీథియు, చిన్న మదుపరియు

ముంబయి నగరమున తెలుగువారు స్థిరపడి రెండు శతాబ్దులు దాటినది. నైజాము రాజ్యమునుండి వలసవచ్చి, రాళ్లు కొట్టి, మట్టి మోసి, ఆ నగర నిర్మాణమున పాలుగొన్న కామాఠీల పేరనే కామాఠీపుర మేర్పడెను. పిమ్మట పద్మశాలీలు బట్టల మిల్లులలోని కొలువులకై వచ్చి వరళి, పరేలు ప్రాంతముల నివసించిరి. కామాఠీపురమునకును, వాటాల క్రయవిక్రయములకు ఈ దేశమున పుట్టిల్లనదగిన దలాల్ వీథికిని నడుమ దూరము నాలుగైదు కిలోమీటర్లకు మించదు. అయినను ఆ పేటవారికి ఈ వీథితో చాలకాలము పరిచయము కలుగలేదు. కూలివాని యజ్ఞానమే దీనికి కారణమని చెప్పుట పరిపాటి. అది సగము మాట మాత్రమే. కొద్దిపాటి సొమ్ముతో వాటాలు కొనువానిపై పడుచుండిన ఖర్చు రెండవ సగము. ఆ ఖర్చు యెట్టిదో, అది యెట్లు తగ్గుచు వచ్చెనో ఇచట పరిశీలింపవలసియున్నది.

1850 ప్రాంతమున దలాలులు టౌనుహాలు ఎదుటనున్న మఱ్ఱిచెట్ల నీడను గుమిగూడి బేరములు సాగించిరి. 1861లో అమెరికాలో అంతర్యుద్ధము చెలరేగి, ఇంగ్లండునకు అచటి ప్రత్తి నిలిచిపోగా, ముంబయికి ధనము వెల్లువగా వచ్చెను. ప్రేమచంద్ రాయచంద్ ఆ కాలపు మహాదలాలు. సముద్రమును పూడ్చుటకై లేచిన బ్యాక్‌బే కంపెనీ వాటా ఐదువేల రూపాయలు చెల్లించినది యాభైవేలకు పైగా పలికెను. కూలి అణాలలో లెక్కింపబడిన ఆ దినములలో, మట్టిమోయువాడు తన జీవితకాలపు సంపాదనతోనైనను అట్టి వాటా నొక్కదానిని కొనజాలడు. అందకపోవుటయే వానిని కాపాడినది! 1865లో యుద్ధము ముగియగనే ధరలు కూలినవి; జులై 1న వాయిదా బేరములు తీరవలసి యుండగా అసంఖ్యాకులు దివాలా తీసిరి. దలాలులు తమ సంఘమును 1875లో స్థాపించుకొనిరి.

తెలుగువారందరు కూలివారే యని తలపరాదు. రామయ్య వెంకయ్య అయ్యవారు, జాయా కరాడీ లింగు వంటి సంపన్నులు ఆ శతాబ్దిలోనే ముంబయిలో నుండి, జ్యోతిరావు ఫూలే సత్యశోధక సమాజమునకు తోడ్పడిరి. 1907లో టాటా ఇనుప కర్మాగారమునకు మూడు వారములలో సుమారు ఎనిమిదివేలమంది భారతీయులు మూలధనము సమకూర్చిరి. ఐనను సామాన్యుని పొదుపు చీటీలలోను, బంగారములోను నిలిచెను.

1982 జనవరిలో ముంబయి మిల్లులలో మహాసమ్మె యారంభమైనది. పలు మిల్లులు మరల తెరువబడలేదు. బ్రతుకంతయు ఒకే పరిశ్రమపై నానుకొనియున్న కుటుంబముల గతి యేమగునో నాడు వెల్లడియైనది. పలు పరిశ్రమలలో కొంచెము కొంచెముగా పాలు కలిగియుండుట ధనికునికన్న ఇట్టివారికే అవసరము. సొమ్మును పలుచోట్ల పంచిన అపాయ మెట్లు తగ్గునో 1952లో హ్యారీ మార్కోవిట్జ్ గణితముచే నిరూపించెను. 1968లో ఇవాన్స్, ఆర్చర్ అను పండితులు పది కంపెనీల వాటాలున్నచో ఆ ప్రయోజనము చాలవరకు చేకూరునని చూపిరి. 1987లో మెయిర్ స్టాట్‌మన్ ముప్పదియైనను ఉండవలెననెను. పదియో ముప్పదియో, చిన్న మదుపరి కవి సాధ్యములైనవా?

కావు. ఆనాడు వాటాలు ఒక్కొక్కటిగా అమ్మబడెడివి కావు. పది రూపాయల ముఖవిలువ గల వాటాలు సాధారణముగా ఏబదియో, నూరో ఒక మొత్తముగా కొనవలెను. దానికి తక్కువైన చిల్లర వాటాలకు ధర కోసి యిచ్చెడివారు. దలాలి నూటికి ఒకటి మొదలు రెండున్నర వరకు నుండెను. షోలాపురము వంటి ఊళ్లలోని మదుపరి ఉపదలాలి ద్వారా పోవలసినందున వాని రుసుము అదనము. బదిలీ పత్రముపై నూటికి అర్ధరూపాయి స్టాంపు అంటింపవలెను. ఏబది రూపాయల వాటాలు నూరు కొన్నవానికి ఐదువేలు పెట్టుబడికాగా, దలాలియు స్టాంపును కలిసి నూటయేబది వరకు ఖర్చు. పది కంపెనీలకు ఏబదివేల రూపాయలు కావలెను. ఆపై పత్రములను రిజిస్టరు తపాలాలో కంపెనీకి పంపి, పేరు మారుటకు నెలయో, రెండు నెలలో నిరీక్షించుట. సంతకము కుదరలేదని పత్రములు తిరిగివచ్చుటయు, దారిలో పోవుటయు, దొంగపత్రములు చేతికి వచ్చుటయు అరుదు కాదు. ఈ చిక్కులకు వెల కట్టువా రెవరు?

ఇన్ని అడ్డంకుల నడుమ ఒక్క చౌక మార్గ ముండెను. కంపెనీ తొలుత వాటాలు విడుదల చేయునపుడు నేరుగా దరఖాస్తు పెట్టినవానికి దలాలియు లేదు, బదిలీ స్టాంపును లేదు. 1973 నాటి విదేశీ మారక నియంత్రణ చట్టముచే పలు విదేశీ కంపెనీలు తమ వాటాలను నూటికి నలుబదికి తగ్గించుకొనవలసి వచ్చెను. ప్రభుత్వాధికారి నిర్ణయించిన తక్కువ ధరకే ఆ వాటాలు ప్రజలకు లభించినవి. 1977లో రిలయన్స్ సంస్థ పది రూపాయల వాటాలను విడుదల చేయగా ఏబదియెనిమిది వేలకు పైగా మదుపరులు చేరిరి. చిన్నవారికి దలాల్ వీథి ద్వారము తొలిసారి కొంత తెరచుకొన్న దప్పుడే. కాని వచ్చినవి కొనుటయే కాని, కోరినవి కొనుట కాదది.

1992 నాటి కుంభకోణము పిదప సంస్కరణలు వేగముగా వచ్చినవి. ఆ యేటనే సెబీకి చట్టబద్ధాధికారము లభించెను. 1994 నవంబరులో నేషనల్ స్టాకు ఎక్స్ఛేంజిలో కంప్యూటరు తెరపై వాటాల బేరములు మొదలైనవి. ఊరూరి విపణులకు ప్రయోజనము లేకపోయెను. 1943లో నెలకొనిన హైదరాబాదు విపణి 2007లో గుర్తింపు కోల్పోయినది. చిన్న మదుపరికి వీటన్నిటికన్న మేలు చేసినది 1996 నాటి డిపాజిటరీల చట్టము. కాగితము పోయి వాటాలు ఖాతాలోని అంకెలైనవి. దానితో ఏబది, నూరు అను మొత్తముల నియమము అంతరించి, ఒక్క వాటాయైనను కొనుటకు వీలు కలిగెను.

నేడు ఐదువేల రూపాయలను పది కంపెనీలలో పంచి పెట్టినచో క్రయపన్ను ఐదు రూపాయలు, స్టాంపు డెబ్బదియైదు పైసలు. కొని ఉంచుకొను వాటాలపై దలాలి పుచ్చుకొనని సంస్థలును కలవు. 2024 సెప్టెంబరు 1 నుండి నాలుగు లక్షల రూపాయల వరకు విలువగల ప్రాథమిక సేవా ఖాతాకు వార్షిక రుసుము లేదు. అయితే ఒక మెలిక యున్నది. వాటాల నమ్మినపుడు కంపెనీ కింతయని డిపాజిటరీ రుసుము విడిగా పడును. అది పదునైదు రూపాయలనుకొన్నచో, ఐదువందల వాటా నమ్మినవానికి నూటికి మూడగును. అనగా ముప్పదియేండ్ల క్రిందటి ఖర్చే మరల వచ్చినది. ఐదువేల వాటా నమ్మినవానికి నూటికి ముప్పది పైసలే. నెలనెల కొని ఏండ్లతరబడి ఉంచుకొనువానికి ఖర్చు నామమాత్రము. దినదినము మార్చువానికి కాదు. ఉదయము కొని సాయంత్రమునకే అమ్ము వ్యక్తులలో 2022-23లో పదిమందికి ఏడుగురు నష్టపోయిరని సెబీ 2024 జులైలో తెలిపెను. వాయిదా బేరములలో 2024 మార్చి వరకు గల మూడేండ్లలో నూటికి 93 మంది వ్యక్తులు నష్టపోయిరి. 1865 నాటి మట్టికూలికి అందనిది ఇట్టి బేరమే. నేడది అరచేతిలో నున్నది.

కాగితపు కాలము పూర్తిగ గడచిపోలేదు. ముంబయి, షోలాపురములలో మాత్రమేకాదు, ఎచటి పాతపెట్టెలోనైనను తండ్రి తాతలు కొన్న వాటా పత్రము లుండవచ్చును. 2019 ఏప్రిల్ 1 నుండి కాగితరూపమున నున్న వాటాల నమ్మి బదిలీ చేయుట ఆగినది. వానిని ఖాతాలోనికి మార్చుకొనవలెను. వరుసగా ఏడు సంవత్సరములు లాభాంశము పుచ్చుకొనని వాటాలు మదుపరుల విద్యా, రక్షణ నిధికి చేరును. వారసులు మరణ, వారసత్వ ధ్రువపత్రములతో ఆ నిధికి దరఖాస్తు చేసి వానిని మరల పొందవచ్చును.