తలంటును దారుణకమును

చుండ్రువలనఁ గలుగు తలదురదకుఁ గర్నూలు కడప సీమల గృహిణులు చెప్పు మందు తలంటు. ఆముదమో నువ్వులనూనెయో మాడునకుఁ బట్టించి, కొంత తడవునకుఁ గుంకుడురసముతోఁ గడుగుదురు. ఇందు దురద నడఁచునది చమురా, కడుగుటయా యనునది విచార్యము.

పేరునుబట్టి చూచినఁ జమురునకే పెద్దఱికము. అంటుట యనఁగాఁ బూయుటయే కదా. ఆంగ్లేయుల 'షాంపూ' పదమునకును నిట్టి చరిత్రయే కలదు. అది హిందూస్థానీ 'చాంపో' నుండి పుట్టినది. పిసుకు మని దాని యర్థము. పాట్నాలో జన్మించిన షేక్ దీన్ మహమ్మదు 1814లో బ్రైటన్ నగరముఁ జేరి నడపిన షాంపూశాలలో జరిగినది ఆవిరిస్నానము, అంగమర్దనము. తల కడుగుట యను నర్థము తరువాత వచ్చినది. రెండుచోట్లను మర్దనమునకుఁ జెల్లిన పేరు క్షాళనమున కబ్బినది.

సుశ్రుతుఁడు ఈ వ్యాధిని దారుణక మని క్షుద్రరోగములలోఁ జేర్చెను. కేశభూమి గరుకై, దురదతోఁ బగులుట దాని లక్షణము, కఫవాతములు కారణము. చికిత్సలో సిరావేధ, అవపీడ, శిరోవస్తులతోపాటు అభ్యంగమును విధించెను గాని యంతటితో నిలువలేదు. కడుగుటకుఁ గోద్రవతృణ క్షారజలము ప్రశస్త మనెను. కోద్రవ మనఁగా నరికె. రాయలసీమ మెట్టచేల కది చిరపరిచితము. 'ఒక ధాన్యవిశేషము' అని యర్థము చెప్పి సాగిపోవు వ్యాఖ్యానముల వలన నీ సంబంధము మఱుఁగుపడుచున్నది.

కడుగుటయే ముఖ్యమైనచో నీటి గుణమును జూడవలయును. ఈ సీమ సున్నపురాతి సీమ. 1872లో విలియం కింగ్ భూగర్భశాఖవారి గ్రంథమాలలోఁ గడప కర్నూలు శిలలను వివరించెను. బేతంచెర్ల నాపరాళ్లు నాజాతివే. అట్టి రాళ్లనడుమ నూరిన నీరు చౌడెక్కకున్నను గఱకుగా నుండును. అందు సబ్బు సున్నముతోఁ గూడి తెల్లని తెట్టయి వెండ్రుకల నంటి పోదు. కుంకుడునురుగునకు మూలమైన సపోనిను లట్లు తెట్టుకట్టవు. నల్లమల చెంచులు సేకరించు నీ కాయ యిచటి నీటికిఁ దగినది. కంటఁబడిన మండును; పసివాండ్రు తలంటు నాఁ డేడ్చుట యూరక కాదు.

1874లో ఫ్రెంచి వైద్యుఁడు మాలసే చుండ్రుపొలుసులలో నొక సూక్ష్మశిలీంధ్రమును వర్ణించెను. నేఁడది యాతని పేరిటనే మలసీజియా యనఁబడుచున్నది. తలయందలి జిడ్డే దానికి జీవనము. ఆ జిడ్డును జీర్ణించుకొను నపుడు పుట్టు నామ్లములు దురద రేఁపును. కావునఁ బొలుసులు మెత్తపడుటకుఁ జమురంటి యానాఁడే కడుగుట యుక్తము. కడుగక దినములకొలఁది నిలుపుట దానిని మేపుటయే. తలంటును మెచ్చుకొనువారు తఱచుగా నూనెనే పొగడి కుంకుడును మఱచుచున్నారు.

పుండ్లు లేచి రసి కాఱు తలను సుశ్రుతుఁడు అరూంషిక యని వేఱుగాఁ జెప్పెను. దానికిఁ గుంకుడు పనికిరాదు, వైద్యునికిఁ జూపవలయును.