వాంతులు తగ్గాక వచ్చే విరామం

అణు ప్రమాదాల బాధితుల గురించి వైద్యులు రాసిపెట్టిన వివరాలు వరసగా చదివితే ఒక సంగతి పదేపదే ఎదురవుతుంది. ఎక్కువ మోతాదులో రేడియేషన్ తగిలిన మనిషికి మొదట వాంతులవుతాయి, నీరసం ముంచుకొస్తుంది. ఒకటి రెండు రోజుల్లో అవి తగ్గిపోతాయి. మనిషి లేచి కూర్చుంటాడు, అన్నం తింటాడు, ఇంటికి వెళ్తానంటాడు. వారమో, రెండు వారాలో, మూడు వారాలో గడిచాక జుట్టు ఊడటం మొదలవుతుంది. చిగుళ్ల నుంచి రక్తం కారుతుంది, ఒంటి మీద ఊదారంగు మచ్చలు తేలతాయి, ఏ మందుకూ లొంగని జ్వరం వస్తుంది. మధ్యలో వచ్చే ఆ విరామం ఎంతోమందిని, వైద్యులతో సహా, మోసం చేసింది. అది ఎందుకు వస్తుందో తెలుసుకోవడానికి అర్ధ శతాబ్దం పట్టింది. ఆ తెలివిడికి మూల్యం చెల్లించినవాళ్లు ఎక్కువగా రోగులే.

జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో విల్‌హెల్మ్ రాంట్‌జెన్ ఎక్స్-కిరణాలను కనుక్కున్నది 1895 నవంబరులో. మరుసటి ఏడాదికే వాటితో పనిచేసేవారి చేతులు ఎర్రబడటం, జుట్టు రాలడం గురించి పత్రికల్లో వార్తలొచ్చాయి. ఇది కిరణాల పనా, పరికరంలోని విద్యుత్తు పనా అన్న వాదం నడిచింది. దాన్ని తేల్చడానికి అమెరికన్ ఇంజినీరు ఎలిహూ థామ్సన్ తన చిటికెన వేలినే ఎక్స్-రే గొట్టం దగ్గర పెట్టి చూశాడు. కొన్ని రోజుల పాటు ఏమీ కాలేదు. ఆ తర్వాత వేలు వాచి, బొబ్బలెక్కింది. 1901లో ఫ్రెంచి శాస్త్రవేత్త హెన్రీ బెక్వెరెల్ రేడియం ఉన్న చిన్న గొట్టాన్ని కోటు జేబులో వేసుకుని తిరిగాడు. కొద్ది రోజులకు జేబు కింద చర్మం పుండు పడింది. పియరీ క్యూరీ కావాలనే తన చేతికి గంటల తరబడి రేడియం కట్టుకుని, ఆ గాయం ఎలా ముదిరిందో, ఎలా మానిందో రోజువారీగా రాసుకున్నాడు. అప్పటికే అందరి అనుభవంలోనూ ఆలస్యం కనిపించింది. దాని అర్థం మాత్రం ఎవరికీ పట్టలేదు. ఎడిసన్ దగ్గర ఎక్స్-రే గొట్టాల మీద పనిచేసిన క్లారెన్స్ డాలీ చేతులు పోగొట్టుకుని 1904లో చనిపోయాడు. ఎడిసన్ ఆ పనే మానేశాడు.

తాళంచెవి నిజానికి అప్పుడే దొరికింది. 1903లో జర్మన్ వైద్యుడు హెర్మన్ హైనెకె ఎలుకల ఒంటి మీద ఎక్స్-కిరణాలు ప్రసరింపజేసి, ప్లీహమూ లింఫ్ గ్రంథులూ మిగతా అవయవాల కంటే ముందు నాశనమవుతున్నాయని చూపించాడు. 1906లో ఫ్రెంచి వైద్యులు బెర్గోనియే, ట్రిబొండో దీన్ని ఒక సూత్రంగా చెప్పారు. ఏ కణాలు చురుగ్గా విభజన చెందుతాయో, ఏ కణాలు ఇంకా తమ తుదిరూపానికి రాలేదో, వాటినే రేడియేషన్ ఎక్కువగా దెబ్బతీస్తుంది. క్యాన్సర్ చికిత్సకు ఈ సూత్రం పనికొచ్చింది. కానీ మనిషి ఒళ్లంతటికీ ఒక్కసారిగా పెద్ద మోతాదు తగిలితే ఏమవుతుందన్నది అప్పటి వైద్యానికి ఎదురుకాని ప్రశ్న. జపాన్ శస్త్రవైద్యుడు మసావో త్సుజుకి మాత్రం 1920లలో అమెరికాలో ఉన్నప్పుడు కుందేళ్ల మీద ఆ పరీక్ష చేసి, ఫలితాలను 1926లో అక్కడి వైద్యులకు వివరించాడు. ఆ లక్షణాలన్నీ పంతొమ్మిదేళ్ల తర్వాత సొంత దేశంలో మనుషుల్లో చూడాల్సి వచ్చింది.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద బాంబు పడినప్పుడు అక్కడి కమ్యూనికేషన్స్ ఆసుపత్రి డైరెక్టర్ మిచిహికో హచియా కూడా తీవ్రంగా గాయపడ్డాడు. రోగిగా మంచం మీద ఉంటూనే తోటి రోగులను గమనించి డైరీ రాశాడు. ఆ 'హిరోషిమా డైరీ' చదివితే, పేరు తెలియని జబ్బుతో ఒక వైద్యుడు చేసిన పెనుగులాట కళ్లకు కడుతుంది. ముందుగా ఆయన చూసింది రక్తవిరేచనాలు. సహజంగానే జిగట విరేచనాల అంటురోగం అనుకున్నాడు, రోగులను విడిగా ఉంచే ఏర్పాట్లు చేయించాడు. ఒంటి మీద గీత కూడా పడనివాళ్లు రెండు మూడు వారాలకు మంచం పట్టడం, దువ్వెనతో దువ్వితే జుట్టు కుచ్చులుగా రావడం, ఒళ్లంతా చిన్న చిన్న రక్తపు చుక్కలు తేలడం ఏ అంటురోగానికీ కుదరలేదు. టోక్యో నుంచి మైక్రోస్కోపు వచ్చాక గాని విషయం బయటపడలేదు. ఘనమిల్లీమీటరు రక్తంలో వేల సంఖ్యలో ఉండాల్సిన తెల్లకణాలు బాగా దెబ్బతిన్నవారిలో వందల్లోకి పడిపోయి ఉన్నాయి. శవపరీక్షల్లో ఏ అవయవం చూసినా రక్తస్రావమే. రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్లేట్‌లెట్లు లేవు.

అదే ఆగస్టులో మిదోరి నాకా అనే రంగస్థల నటి హిరోషిమా నుంచి ఎలాగో టోక్యో చేరింది. అక్కడి విశ్వవిద్యాలయ ఆసుపత్రిలో ఆమెను చూసిన వైద్యుల్లో త్సుజుకి ఒకడు. ఆగస్టు 24న ఆమె మరణించింది. అణుబాంబు రేడియేషనే కారణమని వైద్యులు అధికారికంగా నమోదు చేసిన తొలి మరణం అది. సెప్టెంబరు 5న లండన్ 'డైలీ ఎక్స్‌ప్రెస్'లో విలేకరి విల్‌ఫ్రెడ్ బర్చెట్ హిరోషిమా నుంచి పంపిన కథనం వచ్చింది, గాయాలు లేనివాళ్లు కూడా చనిపోతున్నారని. అమెరికా సైన్యం దీన్ని జపాన్ ప్రచారమని కొట్టిపారేసింది. బాంబు తయారీకి సారథ్యం వహించిన జనరల్ గ్రోవ్స్ అదే ఏడాది నవంబరులో సెనేట్ కమిటీ ముందు, రేడియేషన్ వల్ల వచ్చే చావు చాలా హాయిగా ఉంటుందని వైద్యులు తనకు చెప్పారన్నాడు. సైన్యానికి చెందిన లాస్ అలమోస్ లాబొరేటరీలో ఆ చావు ఎలా ఉంటుందో అప్పటికే చూశారు. ఆ మాట క్షమించరానిది.

లాస్ అలమోస్‌లో 1945 ఆగస్టు 21న హ్యారీ డాగ్లియన్ అనే యువ శాస్త్రవేత్త ప్లుటోనియం గోళం చుట్టూ ఇటుకలు పేరుస్తూ ఒక ఇటుక జారవిడిచాడు. గొలుసు చర్య మొదలైంది. అతను 25 రోజులు బతికాడు. తొమ్మిది నెలల తర్వాత, 1946 మే 21న, అదే గోళం మీద కెనడాకు చెందిన లూయిస్ స్లోటిన్ మరో ప్రయోగం చేసి చూపిస్తున్నాడు. రెండు బెరీలియం అర్ధగోళాలు పూర్తిగా మూసుకోకుండా మధ్యలో అడ్డుపెట్టింది ఒక స్క్రూడ్రైవర్. అది జారింది. గదిలో నీలి వెలుగు మెరిసింది, నోట్లో పుల్లటి రుచి తగిలింది, ఎడమ చెయ్యి భగ్గుమంది. పై అర్ధగోళాన్ని అతను చేత్తో లాగేసి చర్యను ఆపాడు. గదిలో ఉన్న మరో ఏడుగురికి మోతాదు తగ్గడానికి అదే కారణం. భవనం దాటీ దాటకముందే అతనికి వాంతులయ్యాయి. మర్నాటికి అవి ఆగిపోయాయి. చెయ్యి వాచి బొబ్బలెక్కినా, ఆ ఒకటి రెండు రోజులు మాటల్లో స్పష్టత ఉంది. అయిదో రోజుకి తెల్లకణాలు కుప్పకూలాయి, తర్వాత పేగులు కదలడం మానేశాయి, స్పృహ తప్పింది. మే 30న చనిపోయాడు. ఈ రెండు ప్రమాదాల బాధితుల్లో తొమ్మిది మంది వివరాలతో వైద్యుడు హెంపెల్‌మన్ బృందం 1952లో ప్రచురించిన పత్రం ఈ జబ్బుకు తొలి పాఠ్యగ్రంథం లాంటిది. రోజుకు ఇన్నిసార్లు అని రక్తం తీసి, లెక్కించి, ఒక మనిషి లోపల్నుంచి ఎలా కూలిపోతాడో గంటల వారీగా నమోదు చేసిన పత్రం అది.

ఇప్పుడు ఆ విరామం రహస్యానికి వద్దాం. రేడియేషన్ మోతాదును గ్రేలలో కొలుస్తారు. ఛాతీ ఎక్స్-రేలో తగిలేది గ్రేలో సుమారు పదివేలవ వంతు. ఒళ్లంతటికీ ఒక్కసారిగా 4 గ్రేలు తగిలితే, వైద్యం అందకపోతే, సగం మంది రెండు నెలల్లోపు చనిపోతారు. వేడి లెక్కన చూస్తే ఆ 4 గ్రేలు ఒక గుక్క వేడి కాఫీ పాటి చేయవు. ఒంటి ఉష్ణోగ్రత డిగ్రీలో వెయ్యో వంతు పెరుగుతుంది, అంతే. చంపేది వేడి కాదు. ఆ శక్తి కణం లోపలి నీటి అణువులను చీల్చి, డీఎన్ఏ పోగులను తెంపుతుంది. ఒక్కో గ్రేకి ఒక్కో కణంలో దాదాపు నలభై చోట్ల రెండు పోగులూ ఒకేసారి తెగుతాయి. తెగిన కణం వెంటనే చావదు. ఆ రోజు పని ఆ రోజు చేస్తూనే ఉంటుంది. విభజన చెందాల్సిన సమయం వచ్చినప్పుడు విఫలమై చనిపోతుంది. లింఫోసైట్లనే తెల్లకణాలు మాత్రం ఇందుకు మినహాయింపు, అవి గంటల్లోనే రాలిపోవడం మొదలెడతాయి.

అంటే రేడియేషన్ ధ్వంసం చేసేది ఉన్న కణాలను కాదు, రేపు పుట్టాల్సిన కణాలను. రక్తంలో అప్పటికే తిరుగుతున్న ప్లేట్‌లెట్లు ఎనిమిది పది రోజులు బతుకుతాయి. ఎర్రకణాలకు నాలుగు నెలల ఆయుష్షు ఉంది. ఎముక మూలుగలో తయారీ ఆగిపోయిన సంగతి, ఉన్న నిల్వ అయిపోయాక గాని శరీరానికి తెలియదు. ఆ నిల్వ సరిపోయినన్నాళ్లూ మనిషి బాగున్నట్టే ఉంటాడు. పేగుల లోపలి పొర మూడు నుంచి అయిదు రోజులకోసారి కొత్తదవుతుంది కాబట్టి, 6 నుంచి 10 గ్రేల మోతాదులో అదే ముందు ఊడిపోతుంది. పొర లేని పేగుల్లోంచి నీరూ లవణాలూ బయటికి, సూక్ష్మజీవులు రక్తంలోకి పోతాయి. 20, 30 గ్రేలు దాటితే రక్తనాళాలు, మెదడు దెబ్బతిని ఒకటి రెండు రోజుల్లోనే అంతా ముగుస్తుంది. అప్పుడు విరామం దాదాపు ఉండదు. మోతాదు పెరిగేకొద్దీ వాంతులు త్వరగా వస్తాయి, విరామం కుదించుకుపోతుంది. తగిలిన గంటలోపే వాంతి అయితే పరిస్థితి తీవ్రమని వైద్యులు చెప్పగలుగుతున్నది ఈ లెక్కతోనే.

కారణం తెలిశాక వైద్యం ఆలోచన వచ్చింది. 1949లో షికాగోలో వైద్యుడు లియోన్ జాకబ్‌సన్ ఎలుకల ప్లీహాన్ని సీసంతో కప్పి, మిగతా ఒంటికి ప్రాణాంతక మోతాదు ఇచ్చాడు. అవి బతికాయి. ఏదో హార్మోను కాపాడిందనుకున్నారు. అది హార్మోను కాదని, ప్లీహం నుంచీ మూలుగ నుంచీ వెళ్లి స్థిరపడిన కణాలే కాపాడాయని 1956 నాటికి తేలింది. 1958 అక్టోబరులో బెల్‌గ్రేడ్ దగ్గరి వించా రియాక్టర్‌లో ఆరుగురు దెబ్బతింటే వాళ్లను పారిస్ తీసుకెళ్లారు. వైద్యుడు జార్జ్ మాతే వారిలో అయిదుగురికి, రక్తసంబంధం లేని ఫ్రెంచి దాతల మూలుగ ఎక్కించాడు. ఒకరు చనిపోయారు, మిగిలినవారు కోలుకున్నారు. అన్యుల కోసం సూదులకు ఒళ్లప్పగించిన ఆ దాతల గురించి మనం మరింత తలచుకోవాలి. ఈ దారిలోనే నడిచిన అమెరికన్ వైద్యుడు డొనాల్ థామస్‌కు 1990లో నోబెల్ వచ్చింది. నేడు లుకేమియా రోగుల్లో కొందరికి 12 గ్రేల వరకు రేడియేషన్ విడతలుగా ఇచ్చి, సొంత మూలుగను తుడిచేసి, దాత మూలుగ ఎక్కిస్తున్నారు. హిరోషిమా రోగులను చంపిన మార్గమే ఇక్కడ ప్రాణం పోస్తోంది.

కానీ మూలుగ మార్పిడితో అన్నీ తీరిపోవని చెర్నోబిల్ అణు ప్రమాదం చూపించింది. 1986 ఏప్రిల్ 26 తెల్లవారుజాము నుంచి విధుల్లో ఉన్న సిబ్బంది, అగ్నిమాపక దళంవారిలో 134 మందికి ఈ జబ్బు ఖాయమైంది. మాస్కో ఆరో నంబరు ఆసుపత్రిలో వారిని చూసిన వైద్యురాలు ఏంజెలీనా గుస్కోవాకు ఉరల్ ప్రాంతపు అణు కర్మాగారంలో సంపాదించిన అనుభవం ఉంది. వాంతి ఎంతసేపటికి వచ్చింది, లింఫోసైట్లు ఎంత వేగంగా పడుతున్నాయి అన్న రెండు లెక్కలతో ఆమె బృందం రోగులను వేరుచేసింది. ఆ ఏడాది 28 మంది చనిపోయారు. అతి తీవ్రమైన వర్గంలోని 21 మందిలో 20 మంది పోయారు. తేలికపాటి వర్గంలోని 41 మందిలో ఒక్కరూ పోలేదు. మూలుగ మార్పిడి జరిగిన 13 మందిలో దీర్ఘకాలం బతికింది ఇద్దరే. మిగతావారిలో చాలామందిని కాటేసింది చర్మం మీది కాలిన గాయాలు, ఊపిరితిత్తుల సమస్యలు. 1999లో జపాన్‌లోని తొకైమురాలో యురేనియం ద్రావణం పరిమితికి మించి పోసి ప్రమాదానికి గురైన కార్మికుడొకరికి సోదరి మూలకణాలు ఎక్కించారు. అవి పట్టుకున్నాయి కూడా. చర్మమూ పేగులూ మాత్రం తిరిగి రాలేదు. 83 రోజుల తర్వాత ఆయన మరణించాడు. అంతకాలం బతికించాలని చూడటం వైద్యమా, హింసా అన్న ప్రశ్న జపాన్‌లో నేటికీ వినిపిస్తుంది.

ఇటీవలి దశాబ్దాల్లో సామాన్యులను ఎక్కువగా పట్టుకున్నది రియాక్టర్ కాదు, పాత సామాన్ల దుకాణం. 1987లో బ్రెజిల్‌లోని గొయానియాలో మూతపడ్డ ఆసుపత్రిలోని యంత్రాన్ని తుక్కు కోసం విప్పారు. లోపల మెరిసే నీలిరంగు రేడియోధార్మిక సీజియం పొడిని చూసి ముచ్చటపడి ఇంటింటికీ పంచుకున్నారు. నలుగురు చనిపోయారు. 2000లో థాయిలాండ్‌లోని సముత్ ప్రాకాన్‌లో కోబాల్ట్-60 యంత్రాన్ని విప్పినవారిలో ముగ్గురు పోయారు. అక్కడ వాంతులూ తెల్లకణాల పతనమూ కలిపి చూసి రేడియేషన్‌ను అనుమానించింది ఆసుపత్రి వైద్యులే. 2010లో మన దేశానికీ ఆ వంతు వచ్చింది. ఢిల్లీ విశ్వవిద్యాలయం రసాయనశాస్త్ర విభాగంలో ఏళ్ల తరబడి వాడకుండా పడున్న గామా యంత్రాన్ని వేలంలో అమ్మేశారు. మాయాపురి తుక్కు మార్కెట్‌లో దాన్ని కోశారు. పలువురు ఆసుపత్రి పాలయ్యారు, ఒక కార్మికుడు ఏప్రిల్‌లో చనిపోయాడు. నిరుపయోగమైన పరికరాన్ని లెక్కల్లోంచి తీసేయడమంటే దాన్ని ఒక నిరుపేద చేతిలో పెట్టడమేనన్న స్పృహ చదువుకున్నవాళ్లకు లేకపోయింది.

పసుపు మీద మూడు రేకుల రేడియేషన్ గుర్తు చాలామందికి ఏ భయమూ కలిగించదని అర్థమై, 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ ఎర్ర త్రికోణంలో కిరణాలు, పుర్రె, పరుగెత్తే మనిషి ఉన్న మరో గుర్తు తెచ్చింది. పాత ఇనుము కొనేవాళ్లు, యంత్రాలు విప్పేవాళ్లు ఈ రెండు గుర్తులూ గుర్తుపెట్టుకోండి. పరిమాణానికి మించి బరువున్న సీసపు డబ్బా కనిపిస్తే కోయకండి, దూరం జరిగి పోలీసులకు చెప్పండి. అలాంటి పని చేసినవాళ్లకు కారణం లేని వాంతులు, చేతుల మీద నిప్పు తగలని బొబ్బలు కనిపిస్తే, వాంతులు తగ్గాయని ఇంటికి పంపకుండా ఆ పూటే రక్తకణాలు లెక్కించమని వైద్యులకు మనవి.