వాటర్‌ఫాల్ మోడల్

వాటర్‌ఫాల్ మోడల్ సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టును వరుస దశల్లో నడిపించే పద్ధతి. అవసరాల సేకరణ, విశ్లేషణ, డిజైన్, కోడింగ్, టెస్టింగ్, నిర్వహణ ఇందులో ప్రధాన దశలు. ఒక దశ ముగిసి, దాని పత్రాలకు ఆమోదం లభించాకే తర్వాతి దశ మొదలవుతుంది. ఈ పద్ధతికి మూలమని పేరుపడ్డ వ్యాసమే దీని ప్రమాదం గురించి హెచ్చరించింది. దీని చరిత్రలో ముఖ్యంగా గమనించాల్సిన విషయం ఇదే.

తొలి రూపం

1950లలో అమెరికా, శత్రు బాంబర్ల రాకను పసిగట్టేందుకు సేజ్ అనే గగనతల రక్షణ వ్యవస్థను నిర్మించింది. దాని ప్రోగ్రాములు ఆ కాలానికి చాలా పెద్దవి. ఆ పనిలో పాల్గొన్న హెర్బర్ట్ బెనింగ్టన్ 1956 జూన్‌లో ఒక సదస్సులో ఆ ప్రోగ్రాములను దశలవారీగా తయారుచేసిన తీరును వివరించారు. ముందుగా ఒక ప్రయోగాత్మక నమూనా కట్టి చూశాకే అసలు పనిలోకి దిగిన సంగతి మాత్రం ఆ వ్యాసంలో లేదు. 1983లో అది పునర్ముద్రణ పొందినప్పుడు ఆ లోటును ముందుమాటలో ఆయనే పూరించారు.

రాయిస్ వ్యాసం

అంతరిక్ష ప్రాజెక్టుల సాఫ్ట్‌వేర్‌లో అనుభవం ఉన్న విన్‌స్టన్ రాయిస్ 1970 ఆగస్టులో వెస్కాన్ సదస్సుకు ఒక వ్యాసం సమర్పించారు. అందులో ఏడు దశలు మెట్లమెట్లుగా కిందికి దిగే బొమ్మ ఉంది. తర్వాత పాఠ్యపుస్తకాలకెక్కింది ఆ బొమ్మే. అయితే పనిని అలా నేరుగా నడిపితే ముప్పు తప్పదని రాయిస్ అక్కడే రాశారు. ప్రోగ్రాము వేగం, మెమరీ వాడకం వంటివి నిజంగా అనుభవంలోకి వచ్చేది టెస్టింగ్‌లోనే. అప్పుడు లోపం బయటపడితే డిజైన్‌నే మార్చాల్సి రావచ్చు, ఖర్చు రెట్టింపు కావచ్చు.

అందుకు ఆయన 5 జాగ్రత్తలు చెప్పారు. విశ్లేషణ కంటే ముందే ప్రాథమిక డిజైన్ చేయడం, డిజైన్‌ను వివరంగా పత్రబద్ధం చేయడం, కొత్త తరహా ప్రోగ్రామైతే చిన్న నమూనాతో మొత్తం పనిని ఒకసారి ముందే చేసి చూడడం, టెస్టింగ్‌ను పక్కాగా ప్లాన్ చేయడం, కస్టమర్‌ను మధ్యమధ్యలో భాగస్వామిని చేయడం. 50 లక్షల డాలర్ల హార్డ్‌వేర్ కొనుగోలుకు 30 పేజీల వివరణ చాలుననీ, అంతే విలువైన సాఫ్ట్‌వేర్‌కు 1,500 పేజీలు కావాలనీ ఆయన అంచనా. వాటర్‌ఫాల్ అన్న మాట ఆ వ్యాసంలో లేదు. 1976లో బెల్, థేయర్ రాసిన వ్యాసంలో అది కనిపిస్తుంది.

వ్యాప్తి, సవరణ

దశకొక పత్రం, పత్రానికొక ఆమోదం ఉండే పద్ధతి కాంట్రాక్టులకు అనువైనది. పని ఎంతవరకు వచ్చిందో తేల్చడం, బిల్లు చెల్లించడం దీనితో తేలికవుతాయి. అమెరికా రక్షణ శాఖ 1985లో తెచ్చిన 2167 ప్రమాణం ఈ వరుస క్రమాన్ని మరింత బలపరిచింది. ఫ్రెడ్ బ్రూక్స్ నేతృత్వంలోని నిపుణుల బృందం 1987లో ఆ ధోరణిని విమర్శించి, విడతలవారీ అభివృద్ధిని సిఫార్సు చేసింది. 1988లో బ్యారీ బోయమ్, ముప్పును అంచనా వేసుకుంటూ పనిని చుట్లు చుట్లుగా నడిపే స్పైరల్ మోడల్‌ను సమగ్రంగా వివరించారు. రక్షణ శాఖ 1994లో పాత ప్రమాణం స్థానంలో మరింత వెసులుబాటున్న 498 ప్రమాణాన్ని తెచ్చింది. 2001లో 17 మంది నిపుణులు, ముందస్తు ప్రణాళికను పట్టుకుని ఉండడం కంటే మార్పుకు స్పందించడం ముఖ్యమనే ఎజైల్ మేనిఫెస్టో ప్రకటించారు.

నేటి స్థానం

అవసరాలు ముందే స్పష్టంగా తెలిసి, మధ్యలో మారే అవకాశం తక్కువగా ఉన్న పనులకు వరుస పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. ఇంజనీరింగ్ విద్యార్థులు నేటికీ దీన్ని చదువుతున్నారు. ఆ మెట్ల బొమ్మతోపాటు రాయిస్ చెప్పిన 5 జాగ్రత్తలనూ బోధిస్తేనే పాఠం పూర్తవుతుంది.