నాడి పట్టిన చేయి: రక్తనాళాల శస్త్రచికిత్సలో నర్సుల సేవ

ఆసుపత్రుల చరిత్ర అనగానే మనకు పెద్ద పెద్ద సర్జన్ల పేర్లు జ్ఞాపకం వస్తాయి. కత్తి పట్టిన చేయి చరిత్రకెక్కింది. ఆపరేషన్ అయిన రాత్రి రోగి పాదం మీద వేళ్లు వుంచి నాడి చూచిన చేయి మాత్రం పుస్తకాలలో అరుదుగా కనబడుతుంది. రక్తనాళాల శస్త్రచికిత్స విషయంలో యిది మరీ అన్యాయం. ఎందుకంటే ఈ వైద్యంలో సగం పని ఆపరేషన్ గదిలో జరిగితే, తక్కిన సగం వార్డులో జరుగుతుంది. ఆ రెండవ సగం చరిత్రను క్లుప్తంగా పాఠకులకు మనవి చేయదలచాము.

మొదట రక్తం ఆపడమే వైద్యుని ముందున్న పెద్ద సమస్య. స్పెయిన్‌లోని కొర్డోబా నగరం దగ్గర క్రీ.శ. 936లో పుట్టిన అబుల్ ఖాసిం అల్ జహ్రావీ తన 30 భాగాల గ్రంథం 'అల్ తస్రీఫ్'లో దీనికి ఉపాయాలు చెప్పాడు. ధమని తెగితే ముందుగా దాని నోటి మీద వేలు పెట్టి గట్టిగా నొక్కమన్నాడు. తరువాత కాల్చి మూయడమో, దారంతో బిగించి కట్టడమో చేయమన్నాడు. అయినా చాలా కాలం యూరప్ సైన్యాలలో కాలు తీసివేస్తే, కాల్చిన ఇనుముతోనే రక్తం ఆపేవారు. 1552లో డాంవిలియే కోట ముట్టడి సమయంలో ఆంబ్రోయిజ్ పారే అనే ఫ్రెంచి వైద్యుడు ఇనుమును ప్రక్కన పెట్టి, నాళాలను దారంతో కట్టాడు. ఇంగ్లండులో జాన్ హంటర్ 1785లో మోకాలి వెనుక ధమని ఉబ్బిన ఒక బండివానికి తొడలోని ధమనిని కట్టి, కాలు తీయకుండానే బాగు చేశాడు.

వైద్యుడు కట్టు కట్టి వెళ్లిపోయిన తరువాత రోగిని కనిపెట్టి చూచేదెవరు? కైరో నగరంలో సుల్తాన్ ఖలావూన్ 1284లో కట్టించిన మన్సూరీ దవాఖానాలో స్త్రీ పురుషులకు వేరు వేరు గదులు, వారికి సేవ చేయడానికి జీతం మీద మనుషులు వుండేవారు. అంటే ఖిద్మత్ కూడ ఖర్చు పెట్టి ఏర్పాటు చేయవలసిన పని అని ఆనాడే గుర్తించారన్న మాట. ఆధునిక కాలంలో ఈ మాటను లోకానికి చాటిన మహిళ ఫ్లోరెన్స్ నైటింగేల్. 1854 నవంబరులో ఆమె 38 మంది నర్సులతో టర్కీలోని స్కుటారీ సైనిక ఆసుపత్రికి చేరింది. వేలాది గాయపడినవారికి ముప్పయి ఎనిమిది మంది! ఆమె చేతిలోని దీపం అందరికీ తెలుసు గాని, లెక్కల పుస్తకం కొందరికే తెలుసు. ఎందరు వచ్చారు, ఎందరు పోయారు, దేనివల్ల పోయారు అని ఆమె అంకెలు వేసి ప్రభుత్వం ముందు పెట్టింది. 1860లో లండను సెయింట్ థామస్ ఆసుపత్రిలో నర్సుల పాఠశాల ప్రారంభమయింది.

ఇక నాళాన్ని కట్టివేయడం కాదు, కుట్టి మళ్లీ రక్తం పారించాలనే ఆలోచన వచ్చింది. 1894లో ఫ్రాన్సు అధ్యక్షుడు సాదీ కార్నో లియోన్ నగరంలో కత్తిపోటుకు గురయ్యాడు. పొట్టలోని పెద్ద సిర తెగింది. దాన్ని కుట్టే విద్య ఎవరికీ తెలియక ఆయన రక్తం కారి మరణించాడు. అదే నగరంలో వైద్యం చదువుతున్న అలెక్సిస్ కారెల్ మనసులో ఈ సంగతి నాటుకుపోయింది. అతడు అల్లికపని చేసే ఒక స్త్రీ దగ్గర సన్న సూదీ దారం పని నేర్చుకొని, 1902లో రక్తనాళాలను అతికే పద్ధతి ప్రకటించాడు. 1912లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ తరువాత రక్తం గడ్డకట్టకుండా చేసే హెపారిన్ దొరికింది. 1948లో పారిస్‌లో జాఁ కున్లాఁ రోగి కాలి సిరనే తీసి, మూసుకుపోయిన ధమనికి ప్రక్కదారిగా కుట్టాడు. అమెరికాలో మైకేల్ డిబేకీ డేక్రాన్ గుడ్డ కొని, యింట్లోని కుట్టుమిషను మీద కృత్రిమ నాళాలు కుట్టాడు.

ఇక్కడి నుంచే నర్సు పని మారిపోయింది. పూర్వం కాలు తీసివేసిన రోగికి పుండు కడిగి కట్టు మార్చేవారు. ఇప్పుడు కాలు నిలబెట్టిన రోగికి ఆ కాలును గంట గంటకూ కాపాడాలి. కొత్తగా కుట్టిన నాళం ఏ క్షణాన్నయినా గడ్డకట్టి మూసుకుపోవచ్చు. ఆపరేషన్ అయిన మొదటి గంటలలో పదిహేను నిమిషాలకొకసారి పాదం పైభాగంలోను, చీలమండ లోపలి ప్రక్కన గుంటలోను నాడి వెతకాలి. దొరికిన చోట పెన్నుతో గుర్తు పెట్టాలి, తరువాత డ్యూటీకి వచ్చే నర్సు తడుముకోకుండా. నాడి అందకపోవడం, నొప్పి, పాలిపోవడం, చల్లబడడం, తిమ్మిరి, వేళ్లు కదలకపోవడం – వీటిలో ఏది కనబడినా డాక్టరును లేపాలి. మన చామనఛాయ చర్మం మీద పాలిపోవడం త్వరగా కనబడదు గనుక అరికాలు, గోళ్లు చూడాలి. రక్తపు పోటు, మూత్రం, కుట్లలోంచి రక్తస్రావం – అన్నీ కనిపెట్టాలి. హెపారిన్ ఎక్కువైతే రక్తం కారుతుంది, తక్కువైతే గడ్డ కడుతుంది.

నాళం మూసుకుపోతే సుమారు ఆరు గంటలలో కండరానికి కోలుకోలేని దెబ్బ తగులుతుంది. రాత్రి ఒంటిగంటకు మూసుకుపోయిందనుకొందాము. ఒంటిగంటంబావుకు తెలిస్తే, 1963లో థామస్ ఫోగార్టీ ప్రకటించిన చిన్న బుడగ గొట్టంతో గడ్డను లాగివేసి కాలు దక్కించుకొనే అవకాశం వున్నది. ఉదయం ఎనిమిదింటికి రౌండులో తెలిస్తే ఆ అవకాశం దాదాపు చేజారినట్లే. సర్జను అదే, ఆసుపత్రి అదే. తేడా అంతా రాత్రి చూచిన చేతిలో వున్నది. ఈ పనికి ప్రత్యేక నైపుణ్యం కావాలని గుర్తించి, అమెరికాలో ఈ శాఖ నర్సులు 1982లో తమ సంఘం పెట్టుకొన్నారు.

అయితే చేయి వుంటే సరిపోతుందా? ఒక్క చేయి ఎన్ని పాదాలు చూడగలదు? లిండా ఐకెన్, ఆమె సహచరులు పెన్సిల్వేనియాలోని 168 ఆసుపత్రులలో రెండు లక్షల ముప్పయి రెండు వేల పైచిలుకు ఆపరేషన్ రోగుల లెక్క తీసి 2002లో ప్రకటించారు. వారిలో రక్తనాళాల రోగులూ వున్నారు. నర్సు మీద ఒక్కొక్క రోగి అదనంగా పడినకొద్దీ, ముప్పయి రోజులలో మరణించే అవకాశం 7 శాతం చొప్పున పెరిగినట్లు తేలింది. 2014లో యూరప్‌లోని తొమ్మిది దేశాల లెక్కలోనూ అదే 7 శాతం! కాలిఫోర్నియా రాష్ట్రం 1999లో చట్టం చేసి, 2004 నుంచి అమలు పరచింది. 2005 నుంచి సాధారణ వైద్య, శస్త్రచికిత్స వార్డులలో ఒక నర్సుకు అయిదుగురికి మించి రోగులు వుండకూడదు. నైటింగేల్ అంకెలు నూట యాభై ఏళ్లకు చట్టంలోకి వచ్చాయి.

మన సంగతి చూద్దాము. 1946లో భోర్ కమిటీ నివేదిక యిచ్చిననాడు బ్రిటిష్ ఇండియాలో నర్సులు సుమారు 7,000 మంది. అంటే 43,000 మంది ప్రజలకు ఒకరు. 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఆనాటికీ యీనాటికీ పోలికే లేదు, నిజమే. కాని జాబితాలో వున్న నర్సులు వేరు, మంచం ప్రక్కన వున్న నర్సులు వేరు. 30 పడకల వార్డుకు పదిమంది వున్నారనుకొందాము. కాగితం మీద ముగ్గురికి ఒకరు. మూడు షిఫ్టులకు పంచి, వారపు సెలవులు, జబ్బులు, ప్రసవ సెలవులు తీసివేస్తే రాత్రికి మిగిలేది యిద్దరు. అంటే పదిహేను మందికి ఒకరు. అందులో ఒకరు మందుల గదికో, కొత్తగా వచ్చిన రోగి దగ్గరకో పోతే పాదాల మీద నాడి చూచేదెవరు? రోగి వెంట వచ్చిన తల్లో, భార్యో, తమ్ముడో. వారికి ప్రేమ వున్నది గాని శిక్షణ లేదు.

ఈ జబ్బు మనకు దూరపు మాట కాదు. బీడీ, సిగరెట్టు అలవాటున్న వయసు మగవారి కాలివేళ్లు నల్లబడే బర్జర్ జబ్బు మన దేశానికి పాతదే. షుగరు రోగులు దేశంలో పది కోట్ల పైన వున్నారని 2023లో ప్రకటించిన అంచనా. షుగరు పాదం పుండు పడితే ఆ యింటి సంపాదన కూడ కుంటుపడుతుంది. రిక్షా తొక్కేవాడికి, నిలబడి కూరలు అమ్మేవాడికి కాలు పోవడమంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు.

మన బస్తీలలో చందాలు వేసుకొని ఆసుపత్రులకు మంచాలు, మిషన్లు కొనిస్తారు. మంచిదే, సవాబు పనే. సర్జను ఎవరని కూడ పదిమందిని అడుగుతారు. దానితోపాటు యింకొక్క ప్రశ్న అడగాలని మా మనవి: రాత్రి పన్నెండు తరువాత ఆ వార్డులో ఎందరు రోగులకు ఎందరు నర్సులు వుంటారు? చదువుకొన్న మన ఆడపిల్లలు, మగపిల్లలు నర్సింగుకు పోతామంటే "ఆ పనా?" అని ముఖం చిట్లించకుండా ఫీజు కట్టి పంపించాలి. సర్జను కుట్టిన నాళంలో రక్తం పారుతున్నదీ లేనిదీ ముందుగా తెలిసేది ఆ పిల్లల వేళ్లకే.