టెన్నెస్సీ త్రీ

టెన్నెస్సీ త్రీ అమెరికా దేశపు కంట్రీ సంగీత గాయకుడు జానీ క్యాష్ (1932-2003) కు పక్కవాద్యం అందించిన వాద్యబృందము. మొదట ఇద్దరే సభ్యులుండుటచే దీనిని టెన్నెస్సీ టూ అని పిలిచేవారు. గిటారిస్టు లూథర్ పెర్కిన్స్, బేస్ వాద్యకారుడు మార్షల్ గ్రాంట్ ఆ ఇద్దరు. 1960లో డ్రమ్స్ వాద్యకారుడు డబ్ల్యు.ఎస్. హాలండ్ చేరడంతో బృందము పేరు టెన్నెస్సీ త్రీగా మారింది. "బూమ్-చిక-బూమ్" అని పేరుపొందిన జానీ క్యాష్ పాటల లయ ఈ వాద్యకారుల ద్వారానే రూపు దిద్దుకొన్నది.

ఆవిర్భావము

జానీ క్యాష్ అమెరికా వైమానిక దళంలో పనిచేసి 1954లో మెంఫిస్ నగరం చేరుకొన్నాడు. అతని అన్న రాయ్ ఆ నగరంలో కార్లు అమ్మి, మరమ్మతు చేసే ఒక సంస్థలో పనిచేసేవాడు. పెర్కిన్స్, గ్రాంట్ అక్కడే మెకానిక్కులు. రాయ్ వారిని తమ్మునికి పరిచయం చేశాడు. అప్పటికి ముగ్గురూ సాధారణ గిటార్లు వాయించేవారే. మూడు గిటార్లు ఒకే తీరున మ్రోగితే ప్రయోజనం లేదని భావించి పెర్కిన్స్ ఎలక్ట్రిక్ గిటారును, గ్రాంట్ నిలువెత్తు డబుల్ బేస్‌ను చేపట్టారు. గ్రాంట్‌కు ఆ వాద్యంతో పూర్వపరిచయం లేదు. స్వరస్థానాలు గుర్తుండుటకై దాని మెడపై అంటుకొనే పట్టీలతో గుర్తులు పెట్టుకొని సాధన చేశాడు.

1955లో శామ్ ఫిలిప్స్‌కు చెందిన సన్ రికార్డ్స్ సంస్థ వీరి తొలి రికార్డును విడుదల చేసింది. దానిపై గాయకుని పేరుతో పాటు టెన్నెస్సీ టూ పేరు కూడా ముద్రించారు.

వాద్యశైలి

పెర్కిన్స్ వేగంగా వాయించగల విద్వాంసుడు కాడు. తీగలను అరచేతి అంచుతో అదిమి, కొద్దిపాటి స్వరాలనే క్రమం తప్పక పలికించేవాడు. దాని క్రింద గ్రాంట్ బేస్ నడక సాగేది. తొలినాళ్ళలో బృందంలో డ్రమ్స్ లేవు. ఆ లోటు తీర్చుటకు క్యాష్ తన గిటారు తీగల మధ్య కాగితం దూర్చి, డ్రమ్ము వంటి శబ్దం పుట్టించేవాడు. 1956లో వచ్చిన "ఐ వాక్ ద లైన్" పాటలో ఈ శబ్దం వినవచ్చును. ఈ విధంగా వాద్యకారుల పరిమితులే ఒక ప్రత్యేక శైలికి కారణమయ్యాయి. లోతైన క్యాష్ కంఠానికి ఈ నిరాడంబరమైన వాద్యం చక్కగా అమరింది. పెర్కిన్స్ పేరు మీదనే క్యాష్ "లూథర్ ప్లేడ్ ది బూగీ" అనే హాస్యగీతం కూడా పాడాడు.

పెర్కిన్స్ మరణము, తదనంతరము

1968 జనవరి 13న ఫాల్సమ్ కారాగారంలో ఖైదీల ఎదుట జరిగిన ప్రసిద్ధ కచేరీలో పెర్కిన్స్ పాల్గొన్నాడు. అదే సంవత్సరం ఆగస్టులో తన ఇంటిలో జరిగిన అగ్నిప్రమాదంలో తీవ్రంగా గాయపడి, ఆగస్టు 5న మరణించాడు. అప్పటికి అతని వయస్సు 40 సంవత్సరాలు.

మరుసటి నెలలో ఆర్కాన్సా రాష్ట్రంలోని ఫాయెట్‌విల్‌లో కచేరీ ఏర్పాటయింది. ప్రయాణ ఆటంకాల వల్ల కొందరు వాద్యకారులు చేరుకోలేకపోయారు. శ్రోతగా వచ్చిన బాబ్ వూటన్ అనే యువకుడు గిటారు వాయించే అవకాశం పొందాడు. పెర్కిన్స్ వాద్యాన్ని రికార్డుల ద్వారా విని నేర్చుకొన్న అతడు అనతికాలంలోనే బృందంలో సభ్యుడైనాడు. 1969 ఫిబ్రవరి 24న శాన్ క్వెంటిన్ కారాగారంలో జరిగిన కచేరీలో గిటారు వాయించినది ఇతడే.

గ్రాంట్‌తో విభేదాలు

మార్షల్ గ్రాంట్ వాద్యకారుడే కాక బృందం ప్రయాణ ఏర్పాట్లు కూడా చూసేవాడు. మద్యానికి, మత్తుపదార్థాలకు దూరంగా ఉన్న గ్రాంట్, 1960వ దశకంలో మత్తు మాత్రలకు అలవాటుపడిన క్యాష్‌ను వేదిక మీదికి చేర్చే భారం వహించాడు. దాచిన మాత్రలను వెదకి పారవేసేవాడు కూడా.

ఇంతటి అనుబంధం ఉన్నప్పటికీ, 1980లో క్యాష్ అతనిని లేఖ ద్వారా తొలగించాడు. గ్రాంట్ తన తొలగింపు అన్యాయమని, పదవీ విరమణ నిధి సొమ్ము తనకు దక్కలేదని న్యాయస్థానంలో దావా వేశాడు. చివరకు వ్యవహారం న్యాయస్థానం వెలుపల పరిష్కారమైనది. గాయకుని పేరుతో అమ్ముడయ్యే సంగీతంలో, ఆ శైలిని తీర్చిదిద్దిన పక్కవాద్యకారుల వాటా ఎంత అనే ప్రశ్నకు ఈ వివాదం ఒక ఉదాహరణ. కాలక్రమంలో మిత్రులిద్దరూ రాజీపడ్డారు. 1999లో ఒక సన్మాన కచేరీలో మరల ఒకే వేదికపై కనిపించారు.

ఇతర విశేషాలు

* హాలండ్ మొదట కార్ల్ పెర్కిన్స్ బృందంలో డ్రమ్స్ వాయించేవాడు. లూథర్ పెర్కిన్స్‌కు, కార్ల్ పెర్కిన్స్‌కు బంధుత్వం లేదు.
* హాలండ్, వూటన్‌లు 1997లో క్యాష్ యాత్రలు విరమించే వరకు అతనితో కొనసాగారు.
* గ్రాంట్ తన అనుభవాలను 2006లో ఆత్మకథగా ప్రచురించాడు.
* క్యాష్ జీవితం ఆధారంగా 2005లో వచ్చిన "వాక్ ద లైన్" చలనచిత్రంలో పెర్కిన్స్, గ్రాంట్ పాత్రలు ఉన్నాయి.
* క్యాష్ 2003లో, గ్రాంట్ 2011లో, వూటన్ 2017లో, హాలండ్ 2020లో మరణించారు.