ఉగ్గుగిన్నెలో రేవు సరుకు

చొంగ కారుతోంది, చేతికందిందల్లా నోట్లోకి పోతోంది, రాత్రుళ్ళు ఒకటే ఏడుపు. ఆరేడు నెలల బిడ్డ ఇలా ఉంటే హయత్‌నగర్ ఇళ్ళలో పెద్దవాళ్ళు ఇట్టే పసిగడతారు: పళ్ళొస్తున్నాయి. తెలుగిళ్ళలో దీనికి పాతకాలపు మందు సానరాయి మీదే తయారయ్యేది. వస, కరక్కాయ, జాజికాయ, మాచికాయ. ఒక్కొక్కటీ రెండు మూడు చుట్లు అరగదీసి, ఆ గంధాన్ని తల్లిపాలలో రంగరించి ఉగ్గుగిన్నెతో పట్టేవారు. బాగా వగరుగా ఉండే మాచికాయ గంధాన్ని వేలితో చిగుళ్ళకు రాసేవారు.

వీటిలో రెండు మన నేల మీద పండినవి కావు. ఓక్ కొమ్మ మీద చిన్న కందిరీగలాంటి పురుగు గుడ్డు పెట్టినచోట ఉబ్బే బుడిపె మాచికాయ. అది పడమటి ఆసియా సరుకు. జాజికాయ 17వ శతాబ్దంలో బాందా దీవుల్లోనే దొరికేది. 1621లో డచ్చివారు ఆ దీవులను రక్తపాతంతో చేజిక్కించుకున్నారు. అప్పటికే మచిలీపట్నంలో వారి వర్తకస్థావరం ఉంది. రేవులో దిగిన సరుకు గోల్కొండ చేరే బాట హయత్‌నగర్ మీదుగానే సాగేది. ఈ ఊరికి పేరిచ్చిన హయాత్ బక్షీ బేగం మహమ్మద్ కులీ కుతుబ్ షా కూతురు, అబ్దుల్లా కుతుబ్ షా తల్లి. ఆమె పేరిట వెలసిన మసీదు చుట్టూ బాటసారుల కోసం కట్టిన సరాయి గదులు వందకు పైనే. అదే వైపున ఇప్పుడు విజయవాడ హైవే.

పళ్ళొచ్చేటప్పుడు బిడ్డకు ఏ రోగమైనా రావచ్చని ఆయుర్వేదాచార్యుడు వాగ్భటుడు అష్టాంగహృదయంలో రాశాడు. అయితే అతిగా వైద్యం చేసి బిడ్డను కట్టడి చేయొద్దనీ, పళ్ళు వచ్చాక ఆ బాధలు వాటంతటవే తగ్గుతాయనీ ఆయనే చెప్పాడు. ఎంత మంచి మాట!

ఆ నిగ్రహం అన్నిచోట్లా లేదు. ఇంగ్లండ్, వేల్స్‌లలో 1839లో 5,016 మరణాలకు పళ్ళు రావడమే కారణమని రాసుకున్నారు. అక్కడ పళ్ళొచ్చే పిల్లలకని అమ్మిన పొడుల్లో పాదరసపు లవణం కాలొమెల్ ఉండేది. దానివల్ల పిల్లల అరచేతులు, అరికాళ్ళు గులాబీ రంగుకు తిరిగి, చర్మం పొరలుగా ఊడేది. 1954లో బ్రిటన్‌లో ఆ పొడుల నుంచి కాలొమెల్ తీసేశాక ఆ జబ్బు దాదాపు మాయమైంది. మన దేశంలోనూ పసివాళ్ళ ఏడుపు మాన్పడానికి నల్లమందు పెట్టేవారని 1893–95 నాటి నల్లమందు కమిషన్ నమోదు చేసింది.

మన ఉగ్గునూ గుడ్డిగా నెత్తికెత్తుకోనక్కర్లేదు. వసలోని బీటా అసరోన్ అనే రసాయనం కారణంగా అమెరికా 1968లో వసను ఆహారంలో నిషేధించింది. ఉగ్గులో తేనె కలపడమూ మంచిది కాదు: ఏడాది నిండని బిడ్డకు తేనె నాకిస్తే బోట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు ముప్పు. శుభ్రంగా కడిగిన వేలితో చిగుళ్ళు నిమరడం, చల్లటి తడిగుడ్డ కొరకనివ్వడం మాత్రం ఈనాటి డాక్టర్లూ చెబుతున్నవే. నీళ్ళ విరేచనాలను మాత్రం పళ్ళ మీదకు నెట్టి ఊరుకోకూడదు. అప్పుడు బిడ్డకు కావలసింది ఓఆర్‌ఎస్, డాక్టరు. జ్వరం 100.4 డిగ్రీలు దాటినా అంతే, కారణం వేరే వెతకాలి.