యూదుల పేట నుంచి వచ్చిన విలేకరి

1897లో న్యూయార్క్‌లోని ‘కమర్షియల్ అడ్వర్టైజర్’ పత్రికకు లింకన్ స్టెఫెన్స్ సిటీ ఎడిటర్‌గా వచ్చారు. నేర వార్తల్లో ఆరితేరిన పాత విలేకరులు ఆయనకు అక్కర్లేకపోయారు. కథలూ నవలలూ రాయాలన్న తపన ఉన్న కుర్రాళ్లను, ముఖ్యంగా హార్వర్డ్‌లో చదువుకున్నవాళ్లను ఏరి తెచ్చుకున్నారు. వాళ్ల మధ్య ఒక కుర్చీ అబ్రహాం కహాన్‌ది. రష్యా సామ్రాజ్యంలో విల్నా దగ్గరి పల్లెలో పుట్టి, 1882లో అమెరికా చేరి, పెద్దయ్యాక ఇంగ్లిష్ నేర్చుకున్న యూదు సోషలిస్టు ఆయన. అప్పటికి 37 ఏళ్లు. ఆ ఏడాది ఏప్రిల్‌లో మొదలైన యిడ్డిష్ పత్రిక ‘ఫోర్వర్ట్స్’ వ్యవస్థాపకుల్లో ఒకరై ఉండి, తోటివాళ్లతో పొసగక కొద్ది నెలలకే బయటికి వచ్చేశారు. పెద్ద పత్రికలు వలస సమాజాలతో, వాళ్ల పత్రికలతో కలిసి ఎలా పనిచేయాలన్న ప్రశ్న అమెరికాలో ఈనాటికీ తెగలేదు. దానికి నాకు తెలిసిన గట్టి సమాధానం మాత్రం నూట పాతికేళ్ల కిందటి ఆ డెస్కులోనే ఉంది. వలస విలేకరిని ఆపద వచ్చిన రోజున దుభాషిగా పిలిపించుకుంటే కుదరదు. మామూలు రోజుల్లోనే పక్కన కూర్చోబెట్టుకోవాలి. పని, పేరు, డబ్బు, ప్రమాదం అన్నిట్లోనూ వాటా ఇవ్వాలి.

స్టెఫెన్స్ చేసిన మంచి పని కహాన్‌ను యూదుల వార్తలకే కట్టేయకపోవడం. మల్బరీ వీధిలోని పోలీసు ప్రధాన కార్యాలయానికి పంపారు. అక్కడ పేదల ఇరుకిళ్ల మీద రాసి పేరు తెచ్చుకున్న డెన్మార్క్ వలసదారు జేకబ్ రీస్ దగ్గర కహాన్ పని నేర్చుకున్నారు. ఒకసారి భార్యను దారుణంగా నరికి చంపిన భర్త కేసు వచ్చింది. ఒకప్పుడు పెళ్లాడేంతగా ప్రేమించిన మనిషి ముక్కలు చేసేంతగా ఎలా ద్వేషించాడో, పెళ్లికీ హత్యకీ మధ్య ఏం జరిగిందో కనుక్కుని రమ్మని స్టెఫెన్స్ ఆయన్ను పురమాయించారు. ఈ సంగతి స్టెఫెన్సే తన ఆత్మకథలో రాసుకున్నారు. అది ఊరందరి బతుకు గురించి అడిగిన ప్రశ్న. దాన్ని యాసతో ఇంగ్లిష్ మాట్లాడే వలసదారుకు అప్పగించడంలో ఉన్న నమ్మకం చిన్నదేమీ కాదు. ఇటు కహాన్ కూడా సహోద్యోగి హచిన్స్ హాప్‌గుడ్‌ను లోయర్ ఈస్ట్ సైడ్‌లోని కేఫ్‌లకు, యిడ్డిష్ నాటకశాలలకు, కవుల దగ్గరకు వెంటబెట్టుకుని తీసుకెళ్లారు. ఆ తిరుగుళ్లలోంచి పుట్టిన పుస్తకం 1902లో వచ్చింది. యూదుల పేటను మురికివాడగానే చూసిన ఇంగ్లిష్ పాఠకులకు అందులో ఆలోచించే, వాదించుకునే, పాడుకునే మనుషులు కనిపించారు. ఆ పుస్తకానికి బొమ్మలు గీసింది అదే పేటలో పెరిగిన జేకబ్ ఎప్‌స్టీన్. తరువాత లండన్‌లో గొప్ప శిల్పిగా ఎదిగింది ఆయనే.

ఇచ్చిపుచ్చుకోవడం అంతటితో ఆగలేదు. కొన్నేళ్లకు ఫోర్వర్ట్స్‌కు తిరిగి వెళ్లిన కహాన్ ఇంగ్లిష్ డెస్కులో నేర్చిన విద్యను యిడ్డిష్‌లో పెట్టారు. సిద్ధాంత వ్యాసాల బరువు తగ్గించి, ఇంట్లో ఆడవాళ్లు మాట్లాడుకునే భాషలోకి పత్రికను దించారు. 1906లో పాఠకుల ఉత్తరాల శీర్షిక ‘బింతెల్ బ్రీఫ్’ మొదలుపెట్టారు. ఇల్లొదిలి పారిపోయిన భర్తల గురించి, కుట్టు కార్ఖానాలో యజమాని వేధింపుల గురించి, మతాంతర ప్రేమల గురించి జనం రాసేవారు, సంపాదకుడు జవాబిచ్చేవాడు. 1909లో బేస్‌బాల్ ఆట నియమాలను మైదానం బొమ్మ వేసి మరీ వివరించారు, కొడుకులకు ఎక్కిన ఆ పిచ్చి ఏమిటో తండ్రులకు అర్థం కావాలని. 1920ల్లో ఫోర్వర్ట్స్ అమ్మకాలు రెండు లక్షలు దాటాయి. సొంత భాషలో పత్రికలు చదువుకుంటూ కూర్చుంటే వలసదారులు ఎప్పటికీ అమెరికన్లు కారన్న ఆరోపణ ఆ రోజుల్లో బలంగా ఉండేది. అంతకుముందు విలేకరిగా పనిచేసిన సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ పార్క్ 1922లో వలస పత్రికలపై పుస్తకం రాస్తూ దీన్ని పరిశీలించి, ఆ పత్రికలే జనాన్ని కొత్త దేశపు జీవితంలోకి నడిపిస్తున్నాయని తేల్చారు. బేస్‌బాల్ బొమ్మను చూసినవాళ్లకు అందులో ఆశ్చర్యం ఉండదు.

అలాంటి కుర్చీ లేని డెస్కు ఎలా ఉండేదో చూడాలంటే పడమటి తీరానికి వెళ్లాలి. 1907 సెప్టెంబరు 4న వాషింగ్టన్ రాష్ట్రంలోని బెల్లింగ్‌హామ్‌లో కలప మిల్లుల్లో పనిచేసే భారతీయులపై, ఎక్కువమంది పంజాబీ సిక్కులు, సుమారు 500 మంది గుంపు దాడి చేసి ఊరి నుంచి తరిమేసింది. అక్కడి ‘బెల్లింగ్‌హామ్ హెరాల్డ్’ దెబ్బతిన్నవాళ్ల పక్షాన నిలవలేదు, వాళ్లు మంచి పౌరులు కాలేరన్నట్టు రాసింది. దానికి ఆ పత్రిక క్షమాపణ చెప్పింది 2007లో, సరిగ్గా నూరేళ్లకు. తమ మాట వినే పత్రిక లేని ఆ సమాజం 1913 నవంబరులో శాన్‌ఫ్రాన్సిస్కో నుంచి ‘గదర్’ తెచ్చుకుంది. మొదట ఉర్దూలో, వెంటనే పంజాబీలో. కాలిఫోర్నియాలో చదువుకోవడానికి వెళ్లి ఆ ఉద్యమంలో చేరిన మన దరిశి చెంచయ్య తన ఆత్మకథలో ఆ రోజులను తెలుగువాళ్లకు అందించారు. వలస పత్రికల ధ్యాసంతా స్వదేశ రాజకీయాల మీదేనని, స్థానిక వార్తలకు వాటితో పనేమిటని ఇప్పటికీ అంటారు. గదర్ లక్ష్యం భారత స్వాతంత్ర్యమే, సందేహం లేదు. కానీ మిల్లు కూలీని ఆ పత్రిక దగ్గరకు నడిపించిన కారణాల్లో అమెరికాలో పడ్డ అవమానమూ ఒకటి. ఆ అవమానం స్థానిక వార్త కాకపోతే మరేమిటి?

కుర్చీ ఉంటే ఏమవుతుందో చెప్పే రెండో ఉదాహరణ కె.డబ్ల్యు.లీ. కొరియాలో పుట్టి, కాలిఫోర్నియా రాజధానిలో ‘శాక్రమెంటో యూనియన్’ అనే ఇంగ్లిష్ దినపత్రికలో పరిశోధక విలేకరిగా పనిచేశారు. 1973లో శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లో జరిగిన ముఠా హత్య కేసులో చోల్ సూ లీ అనే కొరియన్ యువకుడికి యావజ్జీవ శిక్ష పడింది. జైల్లో జరిగిన ఘర్షణలో మరో ఖైదీ చనిపోవడంతో మరణశిక్షా పడింది. అతన్ని గుర్తుపట్టామన్న సాక్షులు చైనాటౌన్‌కు కొత్తవాళ్లు, తెల్లవాళ్లు. కె.డబ్ల్యు.లీ నెలల తరబడి తవ్వి, 1978 నుంచి వందకు పైగా కథనాలు రాశారు. కొరియన్ చర్చిలు, ఆసియా విద్యార్థులు, ముసలమ్మలు చందాలు పోగుచేసి వకీళ్లను పెట్టారు. 1982లో పునర్విచారణలో చైనాటౌన్ హత్య కేసులో జ్యూరీ అతన్ని నిర్దోషిగా తేల్చింది, మరుసటి ఏడాది అతను విడుదలయ్యాడు. కె.డబ్ల్యు.లీ మాత్రం 1979లోనే ‘కొరియాటౌన్ వీక్లీ’ పెట్టుకున్నారు. ఇంగ్లిష్ పత్రిక బలం, సమాజం నమ్మకం రెండూ ఒకే మనిషిలో కలిస్తే ఉరికంబం దాకా వెళ్లిన మనిషి వెనక్కి వచ్చాడు.

ఇంతా చెప్పి, పెద్ద పత్రికలు ఆయా భాషల్లో సొంత ఎడిషన్లు తెస్తే సరిపోదా అని అడగవచ్చు. శాన్‌హోసేలో అది జరిగింది. వియత్నాం వలసదారులు పెద్ద సంఖ్యలో ఉన్న ఆ నగరంలో ‘మెర్క్యురీ న్యూస్’ 1999లో ‘వియెట్ మెర్క్యురీ’ అనే వారపత్రిక ప్రారంభించింది. వృత్తి ప్రమాణాలు బాగున్నాయి, వియత్నామీ పాత్రికేయులకు మంచి ఉద్యోగాలొచ్చాయి, అది ఒప్పుకోవాలి. కానీ రెస్టారెంట్లు, నగల దుకాణాలు, దంత వైద్యుల ప్రకటనల మీద బతికే చిన్న వియత్నామీ పత్రికలకు ఎదురుగా ఒక కార్పొరేట్ సంస్థ వచ్చి నిలబడింది. 2005లో లెక్కలు కుదరక యాజమాన్యం దాన్ని మూసేసింది. ఎన్నాళ్లు తమతో ఉండాలో ఎక్కడో ఉన్న కంపెనీ నిర్ణయిస్తే, ఆ పత్రిక ఎంత బాగున్నా ఆ సమాజం సొంతమవదు. భాగస్వామ్యమంటే ఉన్న పత్రికతో ఒప్పందం చేసుకోవడం. దాని పక్కనే పోటీ దుకాణం తెరవడం కాదు.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం విశ్వసనీయత. వలస పత్రికల్లో సిబ్బంది తక్కువ, ప్రకటనదారుల ఒత్తిడి ఎక్కువ, కొన్నిటి వెనక స్వదేశ ప్రభుత్వాలో పార్టీలో ఉంటాయి, వాటి వార్తను పెద్ద పత్రిక ఎలా నెత్తినేసుకుంటుంది అంటారు. ఈ మాటలో నిజం ఉంది, తోసిపుచ్చను. అయితే 2021 మార్చి 16న అట్లాంటా పరిసరాల్లోని మసాజ్ పార్లర్లలో జరిగిన కాల్పులను చూడండి. చనిపోయిన ఎనిమిది మందిలో ఆరుగురు ఆసియా మూలాలున్న మహిళలు, వాళ్లలో నలుగురు కొరియన్లు. మర్నాడు షెరీఫ్ కార్యాలయ అధికార ప్రతినిధి, నిందితుడికి ఆ రోజు బాగాలేదన్న ధోరణిలో చెప్పిన మాటలు ఇంగ్లిష్ చానెళ్లలో మారుమోగాయి. అదే సమయంలో కొరియన్ భాషా పత్రికలు చుట్టుపక్కల పార్లర్లలో కొరియన్‌లో మాట్లాడి, హంతకుడు ఆసియన్లను చంపుతానని అన్నాడని ఒక సాక్షి చెప్పినట్టు రాశాయి. ఒకే సాక్షి మాట అది, నిర్ధారించుకోవాల్సిందే. కానీ ఎవరు నిర్ధారిస్తారు? కొరియన్ రాని డెస్కుకు దాన్ని పట్టించుకోకుండా వదిలేయడం, లేదా అరువు తెచ్చుకుని వేసేయడం తప్ప మూడో దారి లేదు. ఇద్దరు విలేకరులు కలిసి సాక్షి దగ్గరకు వెళ్లడమే ఆ మూడో దారి. దానికి ముందునుంచీ పరిచయం ఉండాలి. మృతుల పేర్లు ఎలా పలకాలో ఆసియన్ అమెరికన్ పాత్రికేయుల సంఘం చానెళ్లకు చెప్పాల్సి వచ్చింది. ఆ పరిచయం ఎంత తక్కువో అక్కడే తెలుస్తుంది. విశ్వసనీయత లోపం పెద్ద పత్రికలకూ లేకపోలేదు, బెల్లింగ్‌హామ్ చూశాం కదా.

ఇక డబ్బు. 2019లో న్యూయార్క్ మేయర్ నగర శాఖల పత్రికా, డిజిటల్ ప్రకటనల ఖర్చులో కనీసం సగం వలస, స్థానిక సమాజాల పత్రికలకు ఇవ్వాలని ఉత్తర్వు ఇచ్చారు. తరువాత అది చట్టమైంది. సర్కారు డబ్బు తీసుకున్న పత్రిక సర్కారును నిలదీస్తుందా అన్న భయం సహేతుకమే. కానీ ప్రభుత్వ ప్రకటనలు పెద్ద పత్రికలూ ఎప్పటినుంచో తీసుకుంటున్నాయి. మారింది పంపకం ఒక్కటే. పెద్ద పత్రికలు కూడా ఈ లెక్క పాటించాలి. వలస పత్రిక నుంచి సమాచారం తీసుకుంటే పారితోషికం ఇవ్వాలి, బైలైన్‌లో ఆ విలేకరి పేరు ఉండాలి, పూర్తయిన కథనం ఆ భాషలోనూ అదే రోజు రావాలి.

ప్రమాదంలో వాటా గురించి ఎవరూ ఒప్పందాల్లో రాసుకోవడం లేదు. 2024 సెప్టెంబరులో ఒహాయోలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో హైతీ వలసదారులు పెంపుడు జంతువులను తింటున్నారన్న అబద్ధం అధ్యక్ష అభ్యర్థుల చర్చ దాకా ఎక్కింది. ‘న్యూయార్క్ టైమ్స్’ మాజీ విలేకరి గ్యారీ పియర్ పియర్ 1999లో పెట్టిన ‘హైతియన్ టైమ్స్’ ఆ వార్తను వెంటాడింది. దాని సిబ్బందికి బెదిరింపులు వచ్చాయి. తప్పుడు ఫిర్యాదుతో ఒక సంపాదకురాలి ఇంటికి పోలీసులను రప్పించారు. స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జరపాలనుకున్న ప్రజా సమావేశాన్ని ఆన్‌లైన్‌కు మార్చుకోవాల్సి వచ్చింది. అదే ఊరి వార్త రాసిన జాతీయ పత్రికలకు న్యాయవాదులు, భద్రతా విభాగాలు ఉన్నాయి. తదుపరి ఒప్పందం కాగితం మీదకు వచ్చినప్పుడు ఆ న్యాయవాది ఫోన్ నంబరు, భద్రత ఖర్చు అందులో మొదటి అంశాలుగా ఉండాలి.